పుస్తకమునకు, తెరకు నడుమ గడచిపోవు వయస్సు

2024 జూన్ 6వ తేదీన అమెరికాలో ఒకే దినమున రెండు ప్రకటనలు వెలువడినవి. సుజాన్ కాలిన్స్ వ్రాయుచున్న ‘హంగర్ గేమ్స్’ కథామాలికలో ఐదవ నవల ‘సన్‌రైజ్ ఆన్ ది రీపింగ్’ 2025 మార్చి 18వ తేదీన అంగళ్లకు వచ్చునని ప్రచురణకర్తలైన స్కొలాస్టిక్ వారు చెప్పిరి. ఆ నవలనే తెరకెక్కించి 2026 నవంబరు 20వ తేదీన విడుదల చేయుదుమని లయన్స్‌గేట్ చిత్రసంస్థవారు చెప్పిరి. ఆనాటికి ఆ పుస్తకమును కొని చదివిన పాఠకుడు లోకమున ఒక్కడును లేడు. ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అను సామెత ఇచ్చట చాలదు. ఏలయన ఇచ్చట చూలు నిజముగనే ఉన్నది, పేరును పెట్టిరి, అంతటితో తృప్తిపడక ఆ పుట్టబోవు సోమలింగమునకు పెండ్లి ముహూర్తము సైతము నిర్ణయించి శుభలేఖలు పంచిరి.

నవల వెలువడి, చేతులు మారి, అట్ట నలిగి, ఒక తరము పిల్లల నోళ్లలో నానిన పిమ్మట గాని నిర్మాత చెవిని పడని కాలమొకటి ఉండెడిది. ఆ కాలమునుండి ఈ శుభలేఖల కాలమువరకు, ఇంచుమించు అరువదేండ్ల వ్యవధిలో, కౌమార నవలకును చలనచిత్రమునకును ఏర్పడిన సంబంధమును ఒకసారి పరికించి, రాబోవు పుస్తకములును చిత్రములును ఏ దారిని వచ్చుచున్నవో తెలిసికొనుటకే ఈ ప్రయత్నము. ఈ విషయమును గూర్చి వ్రాయువారు సాధారణముగా పుస్తకము గొప్పదా సినిమా గొప్పదా అను తగవులోనికి దిగుదురు. ఆ తగవు నాకు అంతగా రుచింపదు. నా దృష్టిలో ఇందలి చిక్కు అంతయు కాలమునకు సంబంధించినది: పెద్దలకొరకు వ్రాసిన నవల పదేండ్లు ఆలస్యముగా తెరకెక్కినను దానిని చదివిన పెద్దలు పెద్దలుగనే ఉందురు; పదునాలుగేండ్ల పిల్లకొరకు వ్రాసిన నవల పదేండ్లు ఆలస్యమైనచో, ఆ పిల్ల ఇరువదినాలుగేండ్లదై, ఉద్యోగమున చేరి, ఆ పుస్తకమును అటకమీద పెట్టి మరచియుండును. పుస్తకమునకును తెరకును నడుమ గడచిపోవునది పాఠకుని వయస్సు.

ఆంగ్లమున ‘యంగ్ అడల్ట్’ అని వ్యవహరింపబడు శాఖకే ఇక్కడ కౌమార నవల అని పేరు పెట్టుకొంటిని. పండ్రెండు మొదలు పదునెనిమిది ఏండ్లవరకు గల పాఠకులు దీనికి ఉద్దిష్టులు. మోరీన్ డేలీ 1942లో వెలువరించిన ‘సెవెంటీన్త్ సమ్మర్’ దీనికి ఆద్యగ్రంథమని చెప్పువారు కలరు. 1957లో అమెరికా గ్రంథాలయ సంఘము ఈ వయస్సువారి సేవకై ఒక ప్రత్యేక విభాగము నెలకొల్పినది. ఈ శాఖను ఎత్తి పెంచినవారు విమర్శకులకంటె గ్రంథపాలకులే అనుట సత్యమునకు దగ్గర. పేరు పిల్లలదైనను కొనుగోలు మాత్రము పెద్దలది: బౌకర్ అను సంస్థ 2012లో లెక్కవేసి చూడగా, ఈ పుస్తకములు కొనువారిలో నూటికి 55 మంది పదునెనిమిదేండ్లు నిండినవారే అని తేలినది. వారిలో అధికసంఖ్యాకులు పిల్లలకు కానుక ఇచ్చుటకు గాక తాము చదువుకొనుటకే కొనుచున్నట్లు చెప్పిరి. ఈ సంగతి నిర్మాతలకు మనకంటె ముందుగా తెలిసియుండును.

తెలుగులో ఈ శాఖకు పేరు లేదు. పేరు లేనంతమాత్రమున వస్తువు లేదనరాదు. మన వారపత్రికల ధారావాహికలను ఎవరు చదివెడివారో నా యీడువారికి వేరుగా చెప్పనక్కరలేదు. పది పదకొండు తరగతుల బాలికలు, కాలేజీలో క్రొత్తగా చేరినవారు, పాఠ్యపుస్తకము నడుమ దాచుకొని చదివిన నవలలే ‘డాక్టర్ చక్రవర్తి’గా 1964లోను, ‘మీనా’, ‘జీవన తరంగాలు’గా 1973లోను, ‘సెక్రటరీ’గా 1976లోను తెరమీదికి వచ్చినవి, మొదటిదానికి మూలము కోడూరి కౌసల్యాదేవి నవల, తక్కినవి యద్దనపూడి సులోచనారాణివి. యండమూరి వీరేంద్రనాథ్ ‘అభిలాష’ 1983లో చిత్రమై వచ్చునాటికి మగపిల్లలును ఈ వరుసలో నిలిచిరి. నవల సాగుచుండగనే నాయకపాత్రకు ఏ నటుడు తగునో ఇంటింట తగవులు పడుట, ఆ నటుడే కుదిరినచో జయించినట్లు విఱ్ఱవీగుట, ఇవి నేడు అమెరికా పిల్లలు చేయుచున్న పనులే. ఐతే మన పత్రికలుగాని, ప్రచురణకర్తలుగాని, గ్రంథాలయములుగాని ఆ వయస్సును ఒక ప్రత్యేకమైన వయస్సుగా ఎన్నడు గుర్తింపలేదు. ‘చందమామ’ విడిచిన పిల్ల నేరుగా పెద్దల నవలలో పడెడిది.

అమెరికాలో ఈ కథకు నిజమైన ఆరంభము ఓక్లహోమా రాష్ట్రమందలి టల్సా నగరమున ఒక పాఠశాల బాలిక చేసిన పనిలో ఉన్నది. తమ పాఠశాలలో ధనికుల పిల్లలును పేదల పిల్లలును ముఠాలు కట్టి కొట్టుకొనుట చూచి, ఆ పేదపిల్లలను గూర్చి నిజము చెప్పు పుస్తకము ఒక్కటియు గ్రంథాలయములో లేదని విసిగి, ఎస్. ఇ. హింటన్ తన పదునైదు పదునాఱవ ఏట వ్రాయ మొదలిడిన ‘ది ఔట్‌సైడర్స్’ 1967లో ఆమెకు పదునెనిమిదేండ్లప్పుడు అచ్చైనది. మగపిల్లల ముఠాలను గూర్చి ఆడపిల్ల వ్రాసినదని తెలిసినచో సమీక్షకులు తేలికచేయుదురని జడిసి, ప్రచురణకర్తలు ఆమె పేరును పొడి అక్షరములకు కుదించిరి. పుస్తకము పెద్ద హోరు లేకుండ, బడినుండి బడికి, ఉపాధ్యాయునినుండి ఉపాధ్యాయునికి ప్రాకినది.

పదమూడేండ్ల పిమ్మట, 1980లో, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ప్రాంతమున లోన్ స్టార్ అను ఒక చిన్న పాఠశాలనుండి దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలాకు ఒక ఉత్తరము పోయినది. వ్రాసినది ఆ పాఠశాల గ్రంథపాలకురాలు; క్రింద సంతకములు విద్యార్థులవి; కోరినది తమకు ప్రియమైన ఈ నవలను ఆయన సినిమాగా తీయవలెనని. ‘గాడ్‌ఫాదర్’ తీసిన దర్శకుడు బడిపిల్లల ఉత్తరమును చెత్తబుట్టలో వేసియుండిన ఎవరును తప్పు పట్టెడివారు కారు. ఆయన పుస్తకము తెప్పించి చదివెను. 1982లో టల్సాకే పోయి, కథ జరిగిన వీధులలోనే చిత్రించెను. ఆ ఊపులోనే ఆమె మరియొక నవల ‘రంబుల్ ఫిష్’ను సైతము తీసెను. రెండును 1983లో విడుదలైనవి. నాటికింకను పేరు రాని టామ్ క్రూజ్ మొదటి చిత్రములో ఒక చిన్న పాత్ర ధరించెను.

ఈ ఉదంతములో నాకు మిక్కిలి నచ్చునది తరువాతి భాగము. నిడివి తగ్గింపవలెనని నాడు కొపోలా చిత్రమును చాలవరకు కత్తిరింపగా, నవలలోని మొదటి భాగము, చివరి భాగము లోపించినవి. ఏటేట ఆ నవలను తరగతిలో చదువుచు, పిమ్మట చిత్రమును చూచుచు వచ్చిన క్రొత్త క్రొత్త విద్యార్థులు ‘మా పుస్తకములో ఉన్నవి మీ సినిమాలో ఏవి?’ అని ఆయనకు ఉత్తరములు వ్రాయుట మానలేదు. తుదకు 2005లో, సుమారు ఇరువదిరెండు నిమిషముల చిత్రభాగమును తిరిగి చేర్చి, ‘సంపూర్ణ నవల’ అను ఉపశీర్షికతో ఆయన దానిని మరల వెలువరించెను. చిత్రము వచ్చిన ఇరువదిరెండేండ్లకు దర్శకునిచేత తప్పు దిద్దించుకొనిన పాఠకులు ఎవరు? 1980లో సంతకములు చేసినవారు కారు. వారప్పటికి బిడ్డల తల్లులును తండ్రులును. నవల బడిలో ఉన్నంతకాలము దానికి ప్రతియేడు పదమూడేండ్ల పాఠకులు క్రొత్తగా పుట్టుచుందురు గనుక, నేను పైని చెప్పిన కాలపు చిక్కు ఆ నవలను తాకలేదు. 2024లో అదే కథ బ్రాడ్వేలో సంగీతరూపకమై టోనీ బహుమానము పొందినది.

ఐతే ప్రతి నవలయు బడి ఎక్కదు. బడి ఎక్కని నవలకు వెనువెంటనే తెర దొరకవలెను, లేకున్న దాని పాఠకలోకము కరగిపోవును. ఓయిన్ కోల్ఫర్ అను ఐరిష్ రచయిత 2001లో వ్రాసిన ‘ఆర్టెమిస్ ఫౌల్’ దీనికి కంటికి కనబడు నిదర్శనము. నేరవిద్యలో ఆరితేరిన పండ్రెండేండ్ల మేధావి కథానాయకుడుగా గల ఆ పుస్తకము వెలువడిననాడు పండ్రెండేండ్లున్న బాలుడు, కెనెత్ బ్రానా తీసిన చిత్రము 2020లో డిస్నీవారి అంతర్జాలపు తెరపై కనబడునాటికి ముప్పదియొకటవ ఏట నున్నాడు. ఆ చిత్రము కొరకు ఎదురుచూచిన వాడు దానిని చూచి నొచ్చుకొనెను, ఏలయన వాని బాల్యమునకు ఇంపైన ఆ తుంటరితనమును తొలగించి బాలుని బుద్ధిమంతుని చేసిరి. 2020 నాటి పండ్రెండేండ్లవారికో ఆ పేరే తెలియదు. చుట్టమునకు గాని, పొరుగువానికి గాని కాని విందు అది.

ఇక వేగమునకు వత్తము. వేగమునకు గుణపాఠము చెప్పినది ‘ట్వైలైట్’. స్టెఫనీ మేయర్ వ్రాసిన ఆ నవల 2005లో వెలువడక మునుపే ఒక సంస్థ హక్కులు కొని, మూలముతో పోలికే లేనట్లు కథ మార్చి వ్రాయించి, తుదకు చిత్రము తీయకయే విడిచిపెట్టినది. సమిట్ అను చిన్న సంస్థ ఆ హక్కులను చేపట్టి, క్యాథరిన్ హార్డ్‌విక్ అను దర్శకురాలిని కుదుర్చుకొని, 3 కోట్ల 70 లక్షల డాలర్ల వ్యయముతో 2008 నవంబరులో విడుదల చేయగా, లోకమంతట సుమారు 40 కోట్ల డాలర్లు వసూలైనది. నవల వెలువడి మూడేండ్లే. చదివిన బాలికలు ఇంకను బాలికలే. నాకు ఆ నవలలోని రక్తపిశాచ శృంగారముపై గౌరవము లేదు. ఐనను మూలమును మార్చుట కాక మూలపు పాఠకుని పట్టుకొనుట లాభదాయకమని హాలీవుడ్ వర్తకులకు నేర్పిన ఖ్యాతి దానిదే యనక తప్పదు.

ఆ నేర్చిన పాఠమును మొదట చక్కగను, పిమ్మట అతిగను అమలుపరచిరి. చక్కగా అమలుపరచినదానికి 2012 మార్చి నాటి ‘హంగర్ గేమ్స్’ చిత్రము ఉదాహరణము. కౌమార నవలలలో మేలైనవి తఱచుగా ‘నేను’ అను సర్వనామముతో నడచును. ఆ వయస్సునకు తన మనస్సే లోకము గనుక. కాలిన్స్ నవలలో, పిల్లలు ఒకరినొకరు చంపుకొనవలసిన మరణక్రీడలో దిగిన కాట్నిస్ తన కథను తానే, అదియు వర్తమానకాలములో చెప్పుకొనును. ఆమెకు తెలియనిది పాఠకునికి తెలియదు, ఆమె అడుగు తీసి అడుగు వేయువరకు చచ్చునో బ్రతుకునో ఎవరు చెప్పలేరు. కెమెరాకు ‘నేను’ అనుట రాదు. ఆ లోటును పూరించుటకు కొందరు దర్శకులు నేపథ్యమున నాయిక గొంతును వినిపింతురు. గ్యారీ రాస్ ఆ సులువైన దారి పట్టలేదు. కెమెరాను చేతబట్టి నాయిక భుజము వెంటనే పరుగెత్తించి ఆమె ఊపిరిని మనకు వినిపించెను. అంతకంటె ముఖ్యముగా, నవలలో ఎక్కడను లేని ఒక గదిని, అనగా ఆ మరణక్రీడను నడిపించు అధికారులు తెరలముందు కూర్చుండి మీటలు నొక్కుచు, ఇక్కడ మంట పెట్టుడు, అక్కడ మృగమును వదలుడు అని ఆజ్ఞలిచ్చుచుండు గదిని చూపెను. కాట్నిస్ కంటికి అడవి, మన కంటికి ఆ అడవి వెనుక గది. నవల ఒక్క మనస్సులోనుండి చెప్పగా, చిత్రము ఆ మనస్సును చుట్టుముట్టిన వ్యవస్థను చూపి, పోగొట్టుకొన్నదానికి బదులుగా వేరొకదానిని సంపాదించినది. రచయిత్రి స్వయముగా దూరదర్శన రచనలో పనిచేసినదగుటయు, చిత్రానువాదమున ఆమెకు భాగముండుటయు ఇందుకు తోడ్పడియుండును. ఆ చిత్రమునకు లోకమంతట 69 కోట్ల డాలర్లు వచ్చినవి.

ఆ చిత్రములో ‘రూ’ అను చిన్న బాలికగా అమాండ్లా స్టెన్‌బర్గ్ అను పదమూడేండ్ల నల్లజాతి నటి కనబడగా, తాము ఊహించుకొన్న రూ నల్లపిల్ల కాదని కొందరు యువప్రేక్షకులు రుసరుసలాడిరి. నవలలో ఆ పిల్లకు గోధుమవన్నె మించిన నల్లని మేనిఛాయ అని రచయిత్రి స్పష్టముగానే వ్రాసినది. చదువుచున్నామనుకొని మనము ఎంత చదువము! ఆ నటి పేరు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను. ముందు మరల వచ్చును.

నేపథ్యపు గొంతును వాడియే నెగ్గిన చిత్రములును లేకపోలేదు. జాన్ గ్రీన్ ‘ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ 2012 జనవరిలో వెలువడి, 2014 జూన్‌లో చిత్రమైనది. కోటి 20 లక్షల డాలర్ల వ్యయమునకు 30 కోట్లు దాటి రాబట్టినది. ఆ నవలలో సంఘటనలకంటె సంభాషణ మిన్న, సంభాషణకంటె నాయిక హేజెల్ తనలో తాననుకొను ఎత్తిపొడుపులు మిన్న. వానిని తీసివేసినచో మిగులునది రోగమే. ఆ కథయే ‘దిల్ బేచారా’ అను పేర హిందీలో జంషెడ్‌పూర్‌కు వలస వచ్చి, ఆమ్‌స్టర్‌డామ్‌కు మారుగా పారిస్ చేరి, 2020 జూలైలో వెలువడినది. నాయకుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ అంతకు నెల ముందే మరణించియుండుటచేత, ఆ చిత్రమును చిత్రముగా చూడగలిగినవారు మన దేశమున అరుదు. ఇక స్టీఫెన్ ఛ్బోస్కీ అదృష్టము వేరు: 1999లో ఉత్తరముల రూపమున తాను వ్రాసిన ‘ది పెర్క్స్ ఆఫ్ బీయింగ్ ఎ వాల్‌ఫ్లవర్’ను పదమూడేండ్లు ఎవరికిని విడువక, తానే చిత్రానువాదము చేసి, తానే దర్శకుడై 2012లో తెరకెక్కించెను. ఆలస్యము ఆ చిత్రమును చెరుపలేదు. నడిమి పదమూడేండ్లలో అమెరికాలోని పలు గ్రంథాలయములలోను, పాఠశాలలలోను కొందరు పెద్దలు ఆ పుస్తకముపై అభ్యంతరములు లేవనెత్తి, దానిని అరలనుండి తీయింపబూనుచు, తెలియకయే దానికి తరతరమునకు క్రొత్త పాఠకులను చేకూర్చిరని నా అనుమానము. నిషేధము కూడ ఒక విధమైన పాఠ్యప్రణాళికయే!

అతిగా అమలుపరచిన వైనము వినోదముగను ఉన్నది, విచారముగను ఉన్నది. హారీ పోటర్ చివరి పుస్తకమును 2010లోను 2011లోను రెండు చిత్రములుగా తీయగా రెండింతలు లాభము వచ్చినది. ఆ పుస్తకము దొడ్డది, రెండుగా చీల్చినను నిలిచినది. దానిని చూచి ‘ట్వైలైట్’ చివరి పుస్తకమును రెండు చేసిరి. పిదప ‘హంగర్ గేమ్స్’ మూడవ పుస్తకమైన ‘మాకింగ్‌జే’ను రెండు చేసిరి. వెరొనికా రాత్ 2011లో ఆరంభించిన ‘డైవర్జెంట్’ వంతు వచ్చునప్పటికి, మూడవ పుస్తకములో చీల్చుటకు కండ ఉన్నదా అని అడిగినవాడు లేడు. మొదటి చిత్రము 2014లో సుమారు 28 కోట్ల 80 లక్షల డాలర్లు తేగా, 2016లో వచ్చిన మూడవది 18 కోట్లకు దిగజారినది. నాలుగవదానికి ‘అసెండెంట్’ అని పేరుపెట్టి, 2017లో విడుదల అని చెప్పి, కొంతకాలము దానిని దూరదర్శనమునకు దించుదుమని నసిగి, తుదకు విడిచిపెట్టిరి. నేటికిని ఆ కథ తెరపై సగములోనే నిలిచియున్నది. తన అభిమానకథ ముగింపు చూడక పెరిగిపోయిన ఒక తరము ప్రేక్షకులు ఈ లోకమున కలరు. ఏడాది ఆగి రండు అని పెద్దవారితో చెప్పినచో వత్తురు, పదునేడేండ్లవాడు ఏడాదిలో వేరొక మనుష్యుడగును.

కాలమునకు మరియొక పంటి గాటు ఉన్నది: ఎదుగునది పాఠకు డొక్కడే కాదు, నటుడును ఎదుగును. రిక్ రయోర్డన్ 2005లో సృష్టించిన పెర్సీ జాక్సన్‌కు కథారంభమున పండ్రెండేండ్లు. 2010 నాటి చిత్రమున వానిని మీసకట్టు వచ్చిన యువకునిగా మార్చిరి. ఇట్లు చేసిన మీ కథకు ముందు దారి ఉండదని రచయిత ముందుగనే నిర్మాతలకు వ్రాసిన ఉత్తరములను అటుపిమ్మట తానే బహిరంగపరచెను. రెండవ చిత్రముతో 2013లో ఆ దారి మూసికొనిపోయినది. పదేండ్లకు, 2023 డిసెంబరులో, రచయితయే సహసృష్టికర్తగా డిస్నీవారు సీరీస్ ఆరంభించినప్పుడు, చిత్రీకరణ మొదలగునాటికి నాయకుడు వాకర్ స్కోబెల్‌కు పదమూడేండ్లు. సరియైన వయస్సు దొరికినదని సంతోషింతమన్న, రెండవ భాగము 2025 డిసెంబరులో గాని రాలేదు. కథలో ఒక్క ఏడు గడువగా బాలుడు పదునాఱవ ఏటికి చేరినాడు. ఈ విషయమున హారీ పోటర్ చిత్రములు పదేండ్లలో ఎనిమిది వెలువడి, పాత్రయు నటుడును ఇంచుమించు కలిసియే పెరుగునట్లు జరుపుకొని వచ్చుట, దానిని జరుపుచున్న కాలమున మనము గమనింపని ఘనకార్యము. ఆ కథయే హెచ్‌బీఓవారి సీరీస్‌గా క్రొత్త బాలనటులతో 2025 జూలైలో చిత్రీకరణ ఆరంభించుకొన్నది. పుస్తకమునకు ఒక్క భాగము చొప్పున తీయదలచిరి గనుక, ఆ పిల్లల గడ్డములతో నిర్మాతలు పందెము వేయుచున్నారని చెప్పవచ్చును.

రయోర్డన్ చేసినట్లు కళ్లెమును రచయితయే చేత బట్టుట ఇటీవలి పరిణామములలో మెచ్చదగినది. కొరియా సంతతికి చెందిన జెన్నీ హాన్ ‘టు ఆల్ ది బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్’ను అమ్మజూపినప్పుడు, నాయికను తెల్లపిల్లగా మార్చెదమన్న నిర్మాతలే ఎక్కువమంది, అట్లు మార్చననువాడు ఒక్కడు దొరుకువరకు ఆమె ఆగినది. 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వెలువడిన ఆ చిత్రపు విజయముతో పలుకుబడి సంపాదించి, తన 2009 నాటి నవల ‘ది సమ్మర్ ఐ టర్న్డ్ ప్రెటీ’ని 2022 మొదలు 2025 వరకు తానే నడిపిన సీరీస్‌గా మలచినది, దానికి ముగింపుగా రాబోవు చిత్రమునకు రచనయు దర్శకత్వమును ఆమెవే యని ప్రకటించిరి. ఆలిస్ ఓస్మాన్ మరియొక అడుగు ముందుకు వేసి, ‘హార్ట్‌స్టాపర్’ బొమ్మల నవలలోని ఆఱవదగు చివరి సంపుటమును, దానిపై ఆధారపడిన ముగింపు చిత్రపు రచనను రెండింటిని తన చేతిమీదుగనే నడిపించుచున్నది. ఒకే చేయి కుడిప్రక్క పుస్తకము, ఎడమప్రక్క చిత్రము వ్రాయుచుండగా, ఏది మూలము, ఏది అనువాదము అని అడుగుటకు తావు లేకపోవుచున్నది.

రాబోవు చిత్రములలో నాకు ఎక్కువ కుతూహలమును, ఎక్కువ దిగులును కలిగించుచున్నవి రెండు. నైజీరియా సంతతికి చెందిన టోమీ అడెయెమీ వ్రాసిన ‘చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్’ 2018 మార్చిలో వెలువడినది. యొరూబా దేవతాగాథల నాధారము చేసికొని, మాంత్రికశక్తి అపహరింపబడిన ఒక జాతి తిరుగుబాటును చెప్పిన ఆ నవలకు, అచ్చు కాకమునుపే 2017లో ఫాక్స్ సంస్థవారు హక్కులు కొనిరి. 2019లో ఫాక్స్‌ను డిస్నీవారు కొనిరి. నవల డిస్నీవారి ఇంట ఈ గదినుండి ఆ గదికి తిరిగి, 2022లో పారమౌంట్‌వారి గడప త్రొక్కినది. జీనా ప్రిన్స్-బైత్‌వుడ్ దర్శకత్వమున తయారైన చిత్రమును 2027 జనవరిలో విడుదల చేయదలచినట్లు ప్రకటించిరి. హక్కులు కొన్ననాటినుండి పదేండ్లు! ఈలోపల రచయిత్రి 2019లో రెండవ భాగమును, 2024లో మూడవ భాగమును ముగించి చేతులు కడుగుకొన్నది. ఇందులో రాకుమారి అమారీ పాత్ర ధరించినది, పైని చెప్పిన అమాండ్లా స్టెన్‌బర్గ్. 2012లో రూ; 2018లో, ఆంజీ థామస్ నవల వెలువడిన ఏడాదిన్నరకే వచ్చిన ‘ది హేట్ యు గివ్’ చిత్రమున, పోలీసు కాల్పులలో మిత్రుని పోగొట్టుకొన్న స్టార్; ఇప్పుడు అమారీ. మొదటి పాత్రకు పదమూడేండ్లు, విడుదలనాటికి ఈ పాత్రకు ఇరువదియెనిమిది. ఈ శాఖ వయస్సును కొలుచుటకు ఇంతకంటె మంచి కొలబద్ద నాకు కానరాదు. 2018లో పదునాలుగేండ్లప్పుడు ఆ నవలను తలగడ క్రింద పెట్టుకొని నిద్రించిన మా మేనకోడలి కూతురు న్యూజెర్సీలో నిరుడే చదువు ముగించుకొన్నది. సినిమా వచ్చుచున్నదట కదా అని ఫోనులో అడుగగా, ‘ఇంకా రాలేదా తాతయ్యా? వచ్చి పోయిందనుకున్నాను’ అన్నది.

రెండవది, ఈ వ్యాసారంభమున శుభలేఖ అందుకొన్న ‘సన్‌రైజ్ ఆన్ ది రీపింగ్’. మొదటి వారములోనే ఆంగ్లభాషా ప్రతులు లోకమంతట 15 లక్షలు అమ్ముడైనట్లు ప్రచురణకర్తలు చెప్పిరి. మూలకథలో కాట్నిస్‌కు గురువుగా, ఎప్పుడును మత్తులో మునిగియుండు నడివయస్కునిగా కనబడిన హేమిచ్, అంతకు ఇరువదినాలుగేండ్ల ముందు పదునాఱేండ్ల బాలుడుగా, ఏబదియవ క్రీడలో, ప్రతి మండలమునుండి ఇద్దరికి మారు నలుగురు చొప్పున బలికి పంపబడిన సంవత్సరమున, ఎట్లు గెలిచెనో ఇందలి కథ. గెలుచునని పాఠకునికి ముందే తెలియును. తెలిసిన ముగింపుతో నాలుగువందల పుటలు చదివించుట సామాన్యము కాదు. కొద్దిమంది ఏలికలకు అసంఖ్యాకులగు ప్రజలు అంత సులువుగా ఎట్లు లొంగియుందురు అను డేవిడ్ హ్యూమ్ తత్త్వవిచారమునుండి తనకు ఈ కథ స్ఫురించెనని కాలిన్స్ చెప్పినది.

అయితే ఆమె పన్నిన అసలైన తంత్రము వేరు (చదువని వారు ఈ పేరాను దాటి పోవచ్చును). 2009 నాటి రెండవ నవల ‘క్యాచింగ్ ఫైర్’లో కాట్నిస్ ఏబదియవ క్రీడను నిక్షిప్తపరచిన చిత్రమును చూచును, హేమిచ్ తెలివితో గెలిచిన వైనము అందు కనబడును, మనమును నమ్మితిమి. పదునాఱేండ్ల తరువాత వచ్చిన ఈ నవల, నాడు మనము కాట్నిస్‌తోపాటు చూచినది పాలకులు కత్తిరించి అతికిన చిత్రమని, ఆ బాలుడు చేసిన తిరుగుబాటును చిత్రశాలలో తుడిచివేసిరని బయటపెట్టుచున్నది. అనగా ఇది సంకలనకర్త కత్తెర ఒక మనుష్యుని సత్యమును ఎట్లు అబద్ధముగా మార్చగలదో చెప్పు నవల. దానినే ఇప్పుడు సంకలనకర్త బల్లమీద పెట్టుచున్నారు! 2013 మొదలు ఈ మాలికలోని చిత్రములన్నియు తీసిన ఫ్రాన్సిస్ లారెన్సే దీనికిని దర్శకుడు. హేమిచ్‌గా జోసెఫ్ జాడా. నిజముగా జరిగినది, పాలకులు ప్రసారము చేసినది, ఈ రెంటిని ఒకే తెరపై ఎట్లు వేరుచేసి చూపుదురన్నది నాకు గల ప్రశ్న. పూర్వము గ్యారీ రాస్ కల్పించిన అధికారుల గదివంటి ఉపాయ మేదైన తోచినచో ఇది మొదటి చిత్రముతో సరితూగును. తోచనిచో ఏబదియవ క్రీడ నలువదియేడుగురు పిల్లల చావుల వరుసగా మిగులును.

నవల వెలువడిన ఇరువది నెలలకే చిత్రము వచ్చుచున్నది గనుక, పాఠకుని వయస్సు జారిపోవునను భయము దీనికి లేదు. నేను దోషమనుచు వచ్చిన ఆలస్యము ఇక్కడ పూర్తిగా తొలగినది. తొలగిన తరువాత గాని అందు కొంత గుణము కూడ ఉండెనని తెలియలేదు. ‘ది ఔట్‌సైడర్స్’కు దొరికిన పదాఱేండ్లలో ఆ నవలలోని పిల్లలకు లక్షలకొలది ముఖములు ఉండెడివి, చదివినవానికి చదివినట్లు. హేమిచ్‌కు పుస్తకము అచ్చైన నెలలోపలనే వెతుకులాట మొదలై, కొలది వారములలో ఒక్క ముఖము స్థిరపడినది. రూ విషయమున తప్పుగా ఊహించిన పాఠకులను పైని ఎగతాళి చేసితిని. వారు కనీసము ఊహించిరి.

గత శీతకాలమున ఒక ఆదివారము హైదరాబాదులో అబిడ్స్ కాలిబాటలమీద పాతపుస్తకముల వరుసలు చూచుచు పోవుచుండగా, ఒకచోట ఈ వ్యాసములోని పుస్తకములలో సగము ఒకే కుప్పగా పడియుండుట చూచితిని. సినిమాకు ముందటి అట్టలు, సినిమా పోస్టరులే అట్టలైన తరువాతి ముద్రణలు కలగలిసియున్నవి; అమ్మువాడు రెంటికిని ఒకటే ధర చెప్పుచున్నాడు. ‘డైవర్జెంట్’ మూడవ భాగములే నాలుగు కనబడినవి. పండ్రెండు పదమూడేండ్ల బాలిక ఒకతె, తాను పుట్టకమునుపు తీసిన సినిమా బొమ్మ గల అట్టను ప్రక్కకు నెట్టి, ‘క్యాచింగ్ ఫైర్’ పాత ప్రతిని చేతబట్టుకొని, తండ్రి బేరము ముగించులోపల నిలుచుండియే పది పుటలు చదివినది. పిమ్మట తలయెత్తి, ‘అంకుల్, దీని ముందుది లేదా?’ అని అడిగినది.

అతడు కుప్పను అటునిటు కదిపి చూచి, ‘ఇవాళ లేదమ్మా. వచ్చే ఆదివారం రా, తెప్పిస్తా’ అన్నాడు.